ఇంటి పద్దు: మూత తీయని బొమ్మల పెట్టె

కిందటి నెల మన సంఘం సర్వసభ్య సమావేశం ముగిసి, అందరం కాఫీ గ్లాసులు చేతబట్టుకుని వరండాలో నిలబడి వుండగా, ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు.

"మీరు పత్రికలో ఇంటి లెక్కలు రాస్తుంటారు కదా, ఒక్క సంగతి తేల్చి చెప్పండి. మా రెండోవాడు డల్లాసులో వుద్యోగం చేస్తున్నాడు. జీతం బాగానే వస్తుంది. పెళ్ళి ఇంకా కాలేదు. మొన్న వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్ళి చూద్దుము గదా, ఒక గది నిండా పిల్లలాడుకునే బొమ్మల పెట్టెలు! నేల నుంచి కప్పు దాకా! ఒక్కదానికీ మూత తీయలేదు. ఏమిట్రా ఇవి అంటే, 'నాన్నా, వాటిని ముట్టుకోకండి, అది నా పెట్టుబడి' అన్నాడు. మా ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. వాడి బుద్ధి సరిగ్గా వున్నట్టేనంటారా?"

పక్కన నిలబడ్డవాళ్ళు నవ్వారు. మేము నవ్వలేకపోయాం. ఎందుకంటే అటువంటి పెట్టె ఒకదానిలో సగం వాటా ఒకప్పుడు మాకూ వుండేది. ఆ కథ ఇంతవరకు ఈ శీర్షికలో రాయలేదు. రాయడానికి కొంచెం సిగ్గే. కాని పరదేశాల్లో పిల్లలున్న ఇళ్ళన్నిటా ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు తలుపు తట్టేదే గనుక, ఈ నెల పద్దు దానికే కేటాయిస్తున్నాం.

సంగతి 2022 వేసవిలో మొదలయింది. మా బావమరిది వేళచ్చేరిలో కాపురం వుంటున్నాడు. గిండీ వైపు ఒక కర్మాగారంలో సూపర్‌వైజరు. చురుకైనవాడు. కొత్త సంగతి చెవిన పడిందంటే అది తేలేదాకా నిద్రపోడు. ఒక ఆదివారం పెళ్ళాం బిడ్డలతో మా ఇంటికి వచ్చి, అక్కగారు వడ్డించిన గోంగూర పచ్చడి రెండుసార్లు మారు అడిగి తిని, చేయి కడుక్కుని మా పక్కన కూర్చున్నాడు.

"బావా! అమ్మాయి కాలేజీ చదువుకని మీరు దాచిన లక్ష రూపాయలు బ్యాంకులో మూలుగుతున్నాయి కదా. అవి నాకివ్వండి. అయిదారేళ్ళలో రెట్టింపు చేసి మీ చేతిలో పెడతాను."

"దేనిలో పెడతావయ్యా?" అన్నాం.

"లెగోలో."

మా అత్తగారు మా దగ్గరే వుంటారు. ఆవిడకు వినికిడి కొంచెం తక్కువ. "లేగలా? ఆవులు ఎక్కడ కడతావురా, నీకు వాకిలైనా లేదే!" అన్నారు. ఇల్లంతా గొల్లుమంది.

ఆవిడకు చెప్పినట్టే, తెలియని పాఠకులకోసం మొదటినుంచీ చెబుతాం. డెన్మార్కు దేశంలో బిల్లుండ్ అనే చిన్న వూళ్ళో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి వుండేవాడు. ఆయన 1932లో చెక్క బొమ్మలు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1934లో తన సరుకుకు 'లెగో' అని పేరు పెట్టాడు. వాళ్ళ భాషలో 'బాగా ఆడుకో' అనే రెండు మాటలను ముడివేస్తే వచ్చిన పేరది. 1949లో ప్లాస్టికు ఇటుకలు చేశారు. ఇప్పుడు మనం చూసే ఇటుకకు 1958 జనవరి 28వ తేదీన పేటెంటు కోరారు. పైన బుడిపెలు, లోపల గొట్టాలు. ఒకదానిమీద ఒకటి నొక్కితే పట్టుకుంటాయి, లాగితే వదులుతాయి. 1960లో చెక్క బొమ్మల విభాగం అగ్నికి ఆహుతి కాగా, చెక్కను పూర్తిగా మానేసి ఈ ఇటుకలనే నమ్ముకున్నారు. 1958 నాటి ఇటుక ఈనాటి ఇటుకకు ఇప్పటికీ సరిగ్గా అతుకుతుంది. ఎనిమిదేసి బుడిపెల ఇటుకలు ఆరు చేతికిస్తే వాటిని 91,51,03,765 విధాలుగా కూర్చవచ్చునని లెక్క తేల్చారు. గుమాస్తా పని చేసుకునే మాకు ఈ అంకె ఎంతో ముచ్చట గొలిపింది.

ఈ ఇటుకలను విడిగానే కాక, ఫలానా కోట కట్టడానికి, ఫలానా ఓడ కట్టడానికి కావలసిన ముక్కలన్నీ లెక్కపెట్టి, కట్టే విధానం తెలిపే బొమ్మల పుస్తకంతో సహా ఒక పెట్టెలో పెట్టి అమ్ముతారు. దాన్ని 'సెట్టు' అంటారు. ఒక్కొక్క సెట్టును ఏడాదో, రెండేళ్ళో, మూడేళ్ళో చేసి, తరువాత తయారీ ఆపేస్తారు. దాని స్థానంలో మరొకటి వస్తుంది. వ్యాపారమంతా ఇక్కడే వుంది. చిన్నప్పుడు తల్లిదండ్రులు కొనిపెట్టలేని సెట్టుకోసం కలవరించిన కుర్రవాడు పెద్దవాడై, జీతం చేతికి వచ్చాక, దాన్ని వెతుక్కుంటూ బయలుదేరుతాడు. అంగడిలో అది లేదు. ఎవరింట్లోనో మూత తీయని పెట్టె వుంది. ఆ పెట్టె గలవాడు చెప్పిందే ధర.

"చూశారా బావా! పాతబడినకొద్దీ ధర పెరిగే వస్తువు బంగారం తరువాత ఇదే" అన్నాడు మా బావమరిది. వాడు ఉత్త మాటలతో రాలేదు, సాక్ష్యాలతోనే వచ్చాడు. 2007లో ఒక ఇంగ్లీషు సినిమాలోని ఆకాశ నౌకకు అయిదు వేలకు పైగా ముక్కలతో సెట్టు చేశారట. దాని పేరు మిలీనియం ఫాల్కన్. అప్పటి ధర 500 డాలర్లు. తయారీ ఆపేసిన కొన్నేళ్ళకు అదే పెట్టె వేల డాలర్లు పలికింది. 2013లో మిస్టర్ గోల్డ్ అనే బొటనవేలంత బంగారు రంగు మనిషి బొమ్మను ప్రపంచం మొత్తానికి 5,000 మాత్రమే చేసి, లోపల ఏముందో కనబడని పొట్లాలలో కలిపి వదిలారు. దొరికినవాడి పంట పండింది. ఇవికాక, మాస్కోలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు ఇద్దరు 1987 నుంచి 2015 దాకా రెండు వేలకు పైగా సెట్టుల ధరలు పరిశీలించి, సగటున ఏటా 11 శాతం దాకా లాభం వచ్చిందని తేల్చారు. ద్రవ్యోల్బణం తీసేసినా 8 శాతం. ఆ కాలంలో బంగారంకన్నా, పెద్ద కంపెనీల వాటాలకన్నా అదే ఎక్కువట.

మేము వెంటనే కాదనలేదు. లెక్క చూపించినవాణ్ణి కేకలేసి పంపడం మా వృత్తికే అవమానం. "ఒక వారం వ్యవధి ఇవ్వు" అన్నాం. మా ఆవిడ ఏమీ అనలేదు గాని, తమ్ముడి పిల్లవాడికి జంతికలు పొట్లం కడుతూ మా వంక ఒక చూపు చూసింది. తోడబుట్టినవాడు అడిగినప్పుడు లేదనిపించుకోవడం ఏ ఆడపడుచుకు ఇష్టం? ఇటు చూస్తే ఆ లక్ష అమ్మాయి చదువుకు పెట్టింది. దానికి పదహారు నిండి, రెండేళ్ళలో కాలేజీ మెట్లు ఎక్కబోతున్నది. లక్ష రూపాయలంటే మా వంటి వాళ్ళకు అంకె కాదు. కొన్నేళ్ళ పండుగ బట్టలు, మానేసిన ప్రయాణాలు, వాయిదా వేసిన కంటి అద్దాలు.

ఆ వారం రాత్రిళ్ళు కాగితం పెన్సిలు పట్టుకుని కూర్చున్నాం. ఆ లెక్క పాఠకులూ చిత్తగించండి.

పెట్టె ఖరీదు 10,000 రూపాయలు అనుకుందాం. మాస్కో వారి సగటు ప్రకారమే ఏటా 11 శాతం పెరిగితే, అయిదేళ్ళకు 16,850 రూపాయలవుతుంది. అదే డబ్బు బ్యాంకులో 7 శాతం చక్రవడ్డీకి వేస్తే 14,025 రూపాయలు. తేడా 2,825. బాగానే వుంది కదా అనిపిస్తుంది. కాని బ్యాంకువాడు మన డబ్బు మనకు ఇవ్వడానికి కూలి అడగడు. పెట్టె అమ్మాలంటే అమ్మిపెట్టే అంగడికి రుసుము ఇవ్వాలి. అది పదో వంతు అనుకుంటే 1,685. మూలలు నలగకుండా మరో పెట్టెలో పెట్టి, మెత్తలు కుక్కి పంపడానికి 800 అనుకుందాం. మొత్తం 2,485 పోయింది. చివరకు బ్యాంకుకన్నా మిగిలింది 340 రూపాయలు. అయిదేళ్ళు ఎలుక నుంచి, చెద నుంచి, చెమ్మ నుంచి, చుట్టాల పిల్లల నుంచి ఆ పెట్టెను కాపలా కాసినందుకు అది మన జీతం.

ఇది సగటుకు చెప్పిన లెక్క. సగటు అనేది మోసకారి మాట. మోకాలి లోతని చెప్పిన చెరువులోనే ఒకచోట మనిషి మునుగుతాడు. ఆ మాస్కో పరిశోధనలోనే, కొన్ని సెట్టులు ఏడాదికి ఆరు రెట్లు పెరగగా మరికొన్ని సగానికి సగం పడిపోయినట్టు వుంది. మరీ చిన్నవీ, మరీ పెద్దవీ బాగా పెరిగాయట. మధ్యరకంవి అంతగా పెరగలేదు. ఏది పెరుగుతుందో ముందే తెలిస్తే అందరూ అదే కొంటారు. అందరూ అదే కొని దాస్తే అది అరుదైన వస్తువు ఎలా అవుతుంది?

ఈ చివరి మాటే మమ్మల్ని చాలాసేపు ఆలోచనలో పెట్టింది. 1980లలో, 1990లలో ఈ పెట్టెలు కొన్నవాళ్ళు అమ్ముకుందామని కొనలేదు. పిల్లలు చింపారు, కట్టారు, పడగొట్టారు, ముక్కలు సోఫా కిందికి పోగొట్టారు. ఎక్కడో ఒక పెట్టె పొరబాటున అటక మీద మిగిలిపోయింది. ఆ మిగిలినదానికే ధర వచ్చింది. అంటే మూత తీయని పెట్టెకు విలువ రావాలంటే మిగతావాళ్ళు మూతలు తీయాలి. ఇతరుల పిల్లల ఆట మన పెట్టెకు వడ్డీ కడుతుంది. ఇప్పుడు ప్రతివాడూ మా బావమరిదిలా ఆలోచించి దాచుకుంటూ కూర్చుంటే ఇక ఆడేదెవరు, వెలితి పడేదెవరు?

అటువంటి ముచ్చట ఒకటి అమెరికాలో జరిగింది కూడా. 1993లో టై అనే కంపెనీ బీనీ బేబీలని అరచేతిలో ఇమిడే గుడ్డ బొమ్మలు తెచ్చింది. ఒక్కొక్క రకాన్ని కొన్నాళ్ళకు ఆపేస్తూ వచ్చేసరికి జనానికి వెర్రెత్తింది. పిల్లల చదువులకని పెట్టెల కొద్దీ కొని దాచారు. విడాకులు తీసుకునే ఒక జంట కోర్టు హాలు నేలమీద కూర్చుని ఆ బొమ్మలు చెరొకటిగా పంచుకున్న ఫోటో 1999లో పత్రికల కెక్కింది. ఆ ఏడాదితోనే ఆ వేడి చల్లారడం మొదలయింది. అందరి ఇళ్ళలోనూ అవే వుంటే ఎవరు ఎవరి దగ్గర కొంటారు?

అన్నిటికంటే మాకు గట్టిగా తగిలిన వుదాహరణ మన తాజ్‌మహలుది. లెగో వారు 2008లో తాజ్‌మహలు సెట్టు చేశారు. 5,922 ముక్కలు, ధర 300 డాలర్లు. రెండు మూడేళ్ళకు ఆపేశారు. తరువాత దాని ధర వేల డాలర్లకు ఎక్కింది. పెట్టె దాచుకున్నవాళ్ళు ఇంకా పెరుగుతుందని కూర్చున్నారు. 2017 నవంబరులో కంపెనీవారు అదే తాజ్‌మహలును కొత్త పెట్టెలో మళ్ళీ తెచ్చారు. 5,923 ముక్కలు, ధర 370 డాలర్లు. ఒక్క ముక్క మాత్రమే ఎక్కువ! వేల డాలర్ల పెట్టె గలవాడి గుండె ఆ రోజు ఎలా వుంటుందో వూహించండి. అదే ఏడాది మిలీనియం ఫాల్కనును కూడా 7,541 ముక్కలతో ఇంకా పెద్దదిగా, 800 డాలర్లకు మళ్ళీ తెచ్చారు. పాతదాని ధర దిగింది.

బంగారం తవ్వి తీయాలి. ఎవరూ దాన్ని రాత్రికి రాత్రి అచ్చు పోయలేరు. ఈ బొమ్మకు అచ్చులు కంపెనీ చేతిలో వున్నాయి. వాళ్ళు తలచుకున్నప్పుడు మళ్ళీ పోస్తారు. అది వాళ్ళ తప్పు కాదు. వాళ్ళ వ్యాపారం పిల్లలకు బొమ్మలమ్మడం, మన పెట్టెలకు ధర కాపాడడం కాదు. పాత సెట్టులు, విడి ముక్కలు చేతులు మారే బ్రిక్‌లింక్ అనే అంగడిని కూడా 2019లో లెగో కంపెనీయే కొనుక్కుంది. తాళం చెవి పరాయివాడి మొలలో వుండగా పెట్టె మనదని చెప్పుకోవడం ఎంతవరకు సబబు?

ఇక మన దేశంలో మరో చిక్కు. పరదేశపు బొమ్మలమీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికీ, 2023లో 70 శాతానికీ పెంచారు. 2021 జనవరి నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. అందుచేత ఇక్కడ కొనేటప్పుడే ధర కొండెక్కి వుంటుంది. పాత సెట్టులు వెతుక్కునే పెద్దవాళ్ళేమో ఎక్కువగా అమెరికాలోనూ యూరోపులోనూ వున్నారు.

వారం తిరిగి ఆదివారం వచ్చింది. బావమరిది వచ్చాడు. కాగితాలు ముందు పెట్టాం. వాడు శ్రద్ధగానే చూశాడు. "340 రూపాయలేనా!" అని నవ్వి, "మీరు సగటు చూస్తున్నారు బావా, నేను ఏరి కొంటాను" అన్నాడు. పేకాట ఆడేవాడూ, గుర్రప్పందెం ఆడేవాడూ చెప్పే మాటే అది. కాని బావమరిదితో ఆ మాట అనలేం కదా.

అప్పుడు మా అత్తగారు అందుకున్నారు. "ఒరే అబ్బాయ్, బొమ్మ కొని పిల్లవాడికి ఇవ్వకుండా దాచడమేమిట్రా? నీ కొడుకు ఆ పెట్టెల వంక చూసి ఏమనుకుంటాడు?"

"అమ్మా, నువ్వు మాత్రం? నీ కొలువు బొమ్మలు ట్రంకు పెట్టెలోనే కదా వుండేది! నన్ను చిన్నప్పుడు ముట్టుకోనిచ్చావా?"

ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ బొమ్మలు వాళ్ళ అమ్మమ్మగారి నాటివి. పాత ధోవతి ముక్కల్లో చుట్టి వుంటాయి. "ముట్టుకోనివ్వలేదు, నిజమే" అన్నారు చివరికి. "అయినా ఏటా నవరాత్రులకు బయటికి తీస్తానురా. పేరంటాళ్ళు వస్తారు, చూస్తారు, పాట పాడతారు, శనగలు పుచ్చుకుంటారు. నీ పెట్టె ఎవరు చూస్తారు?"

మాట అక్కడ ఆగింది. చివరకు ఒక రాజీ కుదిరింది. అమ్మాయి లక్ష కదిలించేది లేదు. కాని వాడి మాట పూర్తిగా తీసివేయకుండా, వాడు కొనబోయే పెట్టెల్లో ఒకదానిలో సగం వాటాకు మేము 12,000 రూపాయలు ఇచ్చాం. ఆ ఏడు మాకు వచ్చిన పండుగ బోనసులోంచి మా సొంతానికి అట్టేపెట్టుకున్న డబ్బది. ఏ సెట్టు కావాలో మమ్మల్నే ఎంచుకోమన్నాడు. పట్టిక చూస్తే అందులో టైపురైటరు ఒకటి కనబడింది. 2021లో వచ్చిన సెట్టు, 2,079 ముక్కలు, 1950ల నాటి యంత్రం నమూనా. టైపు లోయరు పరీక్ష ప్యాసయి, ఆ యంత్రం ముందే వుద్యోగపు మొదటి రోజులు గడిపిన మాకు మరొకటి కంటికి ఆనుతుందా? అదే కొన్నాం. లాభం చూసి ఎంచుకోలేదని వేరే చెప్పనక్కరలేదు.

పెట్టె వేళచ్చేరిలో వాడి ఇంట్లోనే వుండిపోయింది. అలా వాడి దగ్గర మొత్తం 14 పెట్టెలయ్యాయి. అటకమీద 9, మంచం కింద 5. వాడి కొడుక్కి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఒకసారి మేము వెళ్ళినప్పుడు ఆ పిల్లవాడు మంచం కిందికి దూరి, పెట్టెమీది బొమ్మను వేలితో తడుముతూ, ఎన్ని ముక్కలున్నాయో పైకి చదువుతున్నాడు. మమ్మల్ని చూసి, "మామయ్యా, నేను ముట్టుకోవడం లేదు, చదువుతున్నాను అంతే" అన్నాడు. ఆ మాట ఇంటికి వచ్చాక కూడా చెవిలో మెదిలింది.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చింది. చెన్నపట్నంలో వున్నవారికి ఆ రెండు రోజులు వేరే వర్ణించనక్కరలేదు. వేళచ్చేరి చెరువయింది. వాళ్ళది కింది వాటా. అర్ధరాత్రి గుమ్మం దాటి నీళ్ళు వచ్చాయి. వాళ్ళు ముందు పిల్లవాణ్ణి, తరువాత బియ్యం డబ్బా, సర్టిఫికెట్లు, గ్యాసు సిలిండరు పైకి చేర్చి, తెల్లారేదాకా మేడమీద వాళ్ళింట్లో కూర్చున్నారు. బొమ్మల పెట్టెలు ఆ గంటలో ఎవరికీ గుర్తుకు రాలేదు. రావలసిన పనీ లేదు.

నీళ్ళు తీశాక మేము వెళ్ళాం. మంచం కింది అయిదు పెట్టెలూ నాని, అట్ట వుబ్బి, అడుగు వూడి కూర్చున్నాయి. లోపలి ముక్కలకు ఏమీ కాలేదు. ప్లాస్టికు కనుక తుడిస్తే సరి. కాని అట్టపెట్టె పాడయితే 'మూత తీయని సరుకు' అనే పేరు పోతుంది. ఆ పేరు పోతే ధరా పోతుంది. అంటే మనం ఇన్నాళ్ళూ కాపలా కాసింది ఆ అట్టకా, బొమ్మకా అని మాకు ఆ బురదలో నిలబడి అనిపించింది. ఆ అయిదింటిలో మా టైపురైటరు ఒకటి.

మా బావమరిది ముఖం వాడిపోయింది. అప్పు చేసి కొన్నవి రెండున్నాయని అప్పుడు చెప్పాడు. క్రెడిటు కార్డుమీద కొన్నాడట. దానికి ఏడాదికి పడే వడ్డీని బొమ్మల సగటు లాభం తీర్చలేదు. ఇది ముందు చెప్పివుంటే మేము 12,000 పెట్టెకు ఇవ్వకుండా ఆ అప్పుకే ఇచ్చేవాళ్ళం. తరువాత మూడు నెలల్లో అటకమీది తొమ్మిదింటిలో ఆరు, వచ్చిన ధరకు అమ్మి, కార్డు బాకీ తీర్చాడు. రెండింటిమీద కొంచెం లాభం, రెండింటిమీద అసలు, రెండింటిమీద నష్టం. తీసి కూడితే దాదాపు సరికి సరి. మిగిలిన మూడూ ఇంకా అటకమీద వున్నాయి.

తడిసిన పెట్టెల సంగతి. ఆ సంక్రాంతికి టైపురైటరు పెట్టె మా ఇంటికి తెచ్చాం. కట్టే విధానం పుస్తకం పేజీలు అతుక్కుపోయాయి. అయినా ఆ పుస్తకాలు కంపెనీవారు అంతర్జాలంలో వుచితంగా పెట్టి వుంచారు. మా అమ్మాయి తన ఫోనులో తీసి చూపించింది. నడవాలో చాప పరిచి, మేనల్లుడూ మేమూ కూర్చున్నాం. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకని పెట్టెమీద రాసి వుంది. మా ఇద్దరి వయసూ కలిపి భాగిస్తే నిండినట్టే. రోజూ భోజనాలయ్యాక గంటసేపు చొప్పున పదకొండు రోజులు పట్టింది. మా కళ్ళకు చిన్న ముక్కలు ఆనేవి కావు. వాడు ఏరి ఇచ్చేవాడు, మేము నొక్కేవాళ్ళం. అత్తగారు కుర్చీలోంచి చూస్తూ, "అటు తిప్పు, అటు కాదురా" అని తెలియని పనికి సలహాలిచ్చేవారు. పూర్తయ్యాక మీట నొక్కితే నడుమ అచ్చు పట్టీ నిజంగానే లేచింది, పైబండి ఒక్కొక్క అడుగు పక్కకు జరిగింది.

"మామయ్యా, అక్షరాలు పడవా?" అన్నాడు వాడు.

"పడవురా. కాని వేళ్ళు ఎక్కడ పెట్టాలో నేర్పుతాను" అని వాడి చిటికెన వేలు మొదటి మీటమీద పెట్టాం. పాతికేళ్ళ కిందట మా మాష్టారు మా వేలు పట్టుకుని పెట్టినట్టే.

ఆ రాత్రి పద్దు పుస్తకం తీశాం. 12,000 రూపాయలను 2022లో 'పెట్టుబడి' అనే పద్దు కింద రాసుకున్నాం. దాన్ని కొట్టివేసి ఎక్కడ రాయాలో తోచలేదు. 'నష్టం' అని రాయబోతే మా ఆవిడ కలం పట్టుకుంది. "నష్టమెందుకండీ? అది నడవాలోనే వుంది కదా" అంది. 'బొమ్మలు, పిల్లలకు' అనే పద్దు కింద రాశాం. ఆ పద్దు కింద మా పుస్తకంలో అంత పెద్ద మొత్తం అంతకుముందెన్నడూ లేదు.

ఇక ఆ పెద్దాయనకు మా జవాబు. అయ్యా, మీ అబ్బాయి బుద్ధికి వచ్చిన లోపం ఏమీ లేదు. వాడు చేస్తున్నది వ్యాపారమే. అమెరికాలో కొనుగోలుదారులు దగ్గర వున్నారు, సుంకం బెడద మనంత లేదు. వాడికి మాకన్నా బాగానే జరగవచ్చు. అయితే ఈసారి మాట్లాడినప్పుడు నాలుగు ప్రశ్నలు నెమ్మదిగా అడగండి, కోపంగా కాదు.

ఒకటి, ఆ పెట్టెల్లో అప్పు చేసి కొన్నవి ఎన్ని? అటువంటివి వుంటే వాటిని ముందు అమ్మెయ్యమనండి, లాభం చూడవద్దనండి. రెండు, గది అద్దె లెక్కలో రాశాడా? ఒక గది అద్దె ఏడాదికి ఎంతో చూస్తే చాలా లాభాలు అక్కడే హరించుకుపోతాయి. మూడు, దొంగలకూ నిప్పుకూ నీళ్ళకూ బీమా వుందా? 2024లో లాస్ ఏంజెలెసు పోలీసులు దొంగిలించిన లెగో పెట్టెలు 2,800కు పైగా ఒక్క ఇంట్లోనే పట్టుకున్నారు. విలువ వుందని మనకు తెలిస్తే దొంగకూ తెలుస్తుంది. కొనేటప్పుడు కూడా పెట్టె ఎక్కడిదో, అసలుదో నకిలీదో విచారించుకోవాలి. 2019లో షాంఘై పోలీసులు కర్మాగారం కర్మాగారాన్నే పట్టుకునేటంత నకిలీ సరుకు ఈ బొమ్మలకు వుంది. నాలుగు, కంపెనీ అదే సెట్టును రేపు మళ్ళీ తెస్తే ఏమి చేస్తాడు?

ఈ నాలుగో ప్రశ్నకు జవాబు మా అనుభవంలో ఒక్కటే. ధర పడిపోయిన రోజున నవ్వుతూ మూత తీసి పిల్లలముందు పోయగలిగినన్ని పెట్టెలు మాత్రమే కొనాలి. మా 12,000 మాకు అలా సరిపోయింది. అమ్మాయి లక్ష ఇచ్చివుంటే సరిపోయేది కాదు. ఆ నడవాలో మేము అంత నిబ్బరంగా కూర్చోగలిగేవాళ్ళమూ కాదు. అమ్మాయి 2024లో కాలేజీలో చేరింది. ఆ లక్ష మొదటి ఏడాది రుసుముకూ హాస్టలుకూ వెళ్ళింది. కొంచెం తక్కువే పడింది గాని అది వేరే కథ.

మరొక్క మాట. మీ అబ్బాయికి పెళ్ళి కాలేదన్నారు. రేపు అవుతుంది, పిల్లలు పుడతారు. అందాకా ఆగకుండా, ఈసారి మీరు వెళ్ళినప్పుడు ఒక చిన్న పెట్టె మీరే డబ్బిచ్చి వాడి దగ్గర కొని, తల్లీ తండ్రీ కొడుకూ ముగ్గురూ కూర్చుని మూత తీయండి. మీ ఆవిడ ఆ పూట అన్నం తింటుందని మా నమ్మకం.

మేనల్లుడికి ఇప్పుడు టైపురైటరు మీద ఆసక్తి తీరింది. కిందటి నెల వచ్చి దాన్ని వూడదీసి, ఆ ముక్కలతో ఒక రైలింజను కట్టాడు. పొగగొట్టం చోట పాత మీట ఒకటి వుంది.

వచ్చే నెల ఇంటి పద్దులో బంగారు నగల తరుగు, మజూరీల లెక్క చూద్దాం. ఇంట్లో పాత రసీదులుంటే తీసి వుంచండి.